మళ్ళీ చెప్పు

కొరుక్కుపేట రైలు గేటు పడితే
మా బడిలో రెండు గంటలు వినిపిస్తాయి.
ఒకటే మాది.

ఆరో తరగతి తెలుగు సెక్షన్‌లో
పదకొండు మంది.
ఎండాకాలం సెలవులయ్యాక వచ్చి చూస్తే
గోడకు బిగించి ఉన్నావు నువ్వు,
పన్నెండో అడ్మిషన్‌లా.

అంబత్తూరు నుంచి వచ్చిన కుర్రాడు
తమిళంలో మూడు జాగ్రత్తలు చెప్పాడు:
తడిగుడ్డ వద్దు,
ఎండ తగలనీయొద్దు,
సుద్దముక్క అసలే వద్దు, టీచర్.
ఇరవై తొమ్మిదేళ్ళ సుద్ద
నా కొంగులోనే ఉంది, ఎక్కడికని దులపను?
నల్లబల్లను సైకిల్ షెడ్డులో పెట్టించారు.
దాని మీద ఇప్పటికీ
ఏప్రిల్ నెల శుక్రవారమే.

నిజం చెప్పాలి కదా.
నువ్వు గుండెకాయ కొట్టుకోవడం చూపించిన రోజు
పిల్లలంతా ఎవరి గుండె మీద వాళ్ళు
చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు, చాలాసేపు.
నేను గీస్తే అది ఏటా
బంగినపల్లి మామిడికాయ అయ్యేది.

కరెంటు పోతే మాత్రం
మా నల్లబల్లకు అక్కవవుతావు.
నీలో మా పన్నెండు మొహాలూ
మసగ్గా కనిపిస్తాయి.

దేవకృప నోరు తెరవదు.
హాజరు పిలిచినా చెయ్యెత్తుతుందంతే.
రెండేళ్ళుగా దాని గొంతు ఎలా ఉంటుందో తెలియక
మార్కులు మాత్రం వేస్తున్నాను.

మొన్న సాయంత్రం గొడుగు మరిచిపోయి
మెట్లెక్కి వెనక్కి వచ్చాను.
లోపల ఎవరో చదువుతున్నారు.
సెనగలు.
నువ్వు ఎర్రగా వెలిగావు.
మళ్ళీ ప్రయత్నించు.
సెనగలు.
ఎరుపు. మళ్ళీ ప్రయత్నించు.
సెనగలు.

తలుపు బయట నిలబడి లెక్కపెట్టాను.
పద్నాలుగు.
పద్నాలుగు సార్లూ నీది అదే గొంతు,
అదే మెత్తదనం, ఒక్క నిట్టూర్పు లేదు.
నేనైతే మూడోసారికే
వద్దులే.
నేనైతే ఏం చేస్తానో పెంచలయ్యకు తెలుసు.
ఇప్పుడు హార్బరులో లారీ తోలుతున్నాడు.
చెవి మెలిపెడితే
శ దానంతటదే ఊడిపడుతుందని
నేను నమ్మిన రోజులవి.
రోడ్డు మీద కనిపిస్తే హారన్ కొట్టి నవ్వుతాడు.
ఆ నవ్వుకు నేను
తిన్నగా బదులివ్వలేను.

ఓర్పులో నీకు దండం పెడతాను.
చెవి సంగతి వేరు.

దాని నాయనమ్మ గేటు పక్కన
అల్యూమినియం గిన్నెలో
ఉడికిన సెనగలు అమ్ముతుంది.
గేటు పడినంతసేపే బేరం.
ఆటోల మధ్య, బస్సు కిటికీల కింద,
సెనగలే సెనగలు, సెనగలే సెనగలు.
నాలుక మడిచి శ పలికే తీరిక ఉంటే
గేటు లేచిపోతుంది.
ఆ పిల్ల పద్నాలుగు సార్లు
తప్పు చదవలేదయ్యా,
ఇంటి మాటే చదివింది.

నన్ను చూసి
దొంగతనం దొరికినట్టు బిగుసుకుపోయింది.
పక్కన బెంచీ మీద కూర్చున్నాను.
మోకాలు పట్టేసింది కాబట్టి
అది నాటకం కాదు.

ఇంట్లో ఏమంటారే?
సెనగలు.
పుస్తకంలో?
కాసేపు కిటికీ వైపు చూసింది.
శనగలు, అంది.
దారం కొసను సూదిలోకి
గురిచూసి ఎక్కించినట్టు, మెల్లగా.

నువ్వు వినలేదు.
ఐదు నిమిషాలు ఎవరూ తాకకపోతే
నిద్రపోతావు కదా, కరెంటు ఆదాకు.

రెండూ రాయమన్నాను.
ఎక్కడ టీచర్, అంది.
నీ వైపు చూశాం ఇద్దరం.
తలుపు వెనక్కి తిప్పి,
కొంగు ముడిలోంచి ముక్క తీసిచ్చాను.
ఆకుపచ్చ పెయింటు మీద
వంకరగా రెండు మాటలు,
ఒకదాని కింద ఒకటి.
ఏది పైన రాసిందో చెప్పను.

ఈ రాత్రి కూర్చుని
అంబత్తూరు కుర్రాడి నంబరు వెతకాలి.
ఆ రెండో మాట కూడా నీకు నేర్పే మీట
ఎక్కడుంది నాయనా, అని అడగాలి.
అలాంటిది లేదంటాడు మొదట.
నా తమిళం అర్థం కాలేదంటాడు.
మళ్ళీ చెబుతాను.