దగ్గండి

"దగ్గండి" అంది డాక్టరమ్మ,
గజ్జల్లో రెండు వేళ్లు ఆనించి.
దగ్గాను.
ఆ మాటలోనే గండి ఉందని
అప్పుడు తట్టింది నాకు.
ముప్పై మూడేళ్లు లాకుల మీద లస్కరుని.
గండి ఎక్కడ నక్కినా
చెవికి దొరికిపోతుంది.

పోయిన వైశాఖంలో ప్రోస్టేటు తీసేశారు.
పచ్చి పోకకాయంత ఉంటుందట,
పురుగు పట్టింది, ఉంచకూడదన్నారు.
ఉంచలేదు.
పదకొండు రోజులు గొట్టం.
మంచం కోడుకి సంచీ కట్టుకుని
నీటిమట్టం రాసినట్టే రాశాను, పాత డైరీలో,
ఎన్ని మిల్లీలీటర్లు, ఏం రంగు.
గొట్టం తీశాక, మూసినా కారేది.
కొత్త చెక్క తలుపు అంతేలే,
నానితే వాచి బిగుస్తుంది అనుకున్నాను.
దీపావళికి బిగిసింది నిజంగానే.

అప్పుడొచ్చింది ఇది.
స్నానాల గదిలో, జారిన సబ్బు కోసం వంగితే
కుడి గజ్జలో కోడిగుడ్డంత.
పడుకుంటే లోపలికి,
నిలబడితే బయటికి.
ఎవరితో చెప్పను?
మా వైపు ఆ చోట వాపంటే ఒకటే లెక్క:
దోమ, బోదకాలు, బుడ్డ.
టీ కొట్టు దగ్గర పంచె సర్దుకుంటుంటే
గెద్దాడ సుబ్బన్న చూపు కిందికి దిగింది.
బోదకాలు మాత్రలు పంచే పిల్ల
అందరి గుమ్మాల్లో అరనిమిషం,
నా గుమ్మంలో నేను మింగేదాకా.

పల్లాలమ్మ మాత్రం
చేటలో కందిపప్పు ఏరుతూ, తలెత్తకుండానే అంది:
"పక్కన గట్టు తవ్వి పని చేశారుగా,
ఇక్కడ మట్టి వదులయ్యుంటుంది."
మా ఇంజనీర్లు ఆ ముక్క రాయడానికి
మూడు వారాలు తీసుకునేవారు.

డాక్టరమ్మా అదే చెప్పింది, కాస్త పొడుగ్గా.
ఆ ఆపరేషనయిన వాళ్లలో కొందరికి వస్తుందట.
కొబ్బరి బస్తా ఎత్తారా? ఎత్తాను.
ముక్కారా? ముక్కాను.
"అయినా మీ తప్పు కాదు" అంది.
నేను నమ్మలేదని కాబోలు, మళ్లీ అంది.
సర్వీసంతా వెతికినా
ఆ మాట ఒక్కసారీ విన్న గుర్తు లేదు.

అమలాపురం. రెండో అంతస్తు.
వెన్నులో సూది.
నడుం కింద నేను లేను.
ఆకుపచ్చ తెర అవతల ఎవరో గొణుక్కుంటూ పనిచేస్తుంటే
ఇవతల నేను ఆ తుఫాను రాత్రి గట్టు మీద ఉన్నాను.
పెట్రోమాక్సు లైటు. నలభై మందిమి.
బస్తా వేస్తే బస్తా పోయింది.
సరుగుడు గుంజలు పోయాయి.
కొల్లు ఏసుదాసు చెప్పులు పోయాయి, పాపం కొత్తవి.
చివరికి ఎవరో ఇంట్లో వల పట్టుకొచ్చారు.
బస్తాలన్నీ వలలో మూటగట్టి దింపితే
నీళ్లు ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి...

"మెష్ ఇవ్వు" అంది ఆవిడ.
మెష్ అంటే ఏంటండీ అన్నాను.
మాట్లాడకూడదేమో, తెలీదు.
"వలలాంటిది."
కన్ను ఎంత?
తెర అవతల ఎవరో కిసుక్కున నవ్వారు.
కత్తెర చప్పుడు.
"చిన్న కన్నేనండీ. మీ కండే అందులోంచి అల్లుకుపోతుంది."
అలాగైతే మంచి వలే.

మూడు నెలలు బరువెత్తొద్దన్నారు.
బిందె పల్లాలమ్మ చంకలో,
వెనకాల చెంబుతో నేను.
పక్కింటి పిల్లలకి ఇదో వినోదం.
తనకీను. దార్లో ఏదో ఒకటి అంటుంది,
నేను పొట్ట పట్టుకుని
"నవ్వించకే, కుట్లు" అంటాను.

నిన్న సాయంత్రం లాకుల దాకా నడిచాను.
కొత్త కుర్రాడు చక్రం తిప్పుతున్నాడు,
గ్రీజు లేక మూలుగుతోంది.
"ఓ చెయ్యెయ్యి బాబాయ్!"
రెండు చేతులూ వెనక్కి కట్టుకుని
సూపర్నెంటులా నిలబడ్డాను.
ఎడమ వైపు తిప్పి వదులు చెయ్యి ముందు, అన్నాను.
కదిలింది.

చీకటి పడ్డాక మంచు దిగింది కాలవ మీద.
గొంతులో దగ్గు.
చెయ్యి దానంతటదే గజ్జ మీదికి పోయింది.
దగ్గాను.
చేతి కింద ఏమీ కదల్లేదు.
పక్కన తలుపుని నీళ్లు నెడుతూనే ఉన్నాయి.

ఎవరూ చూడట్లేదు కదా అని
ఇంకోసారి దగ్గాను.