మూడో మేకు

గోడకు మూడు మేకులు,
మేకుకొక రైఫిలు.
మూడూ మూడొందల పదైదు బోరే.
ఒకదాని గుండు ఇంకోదాంట్లో పడుతుంది,
అన్నదమ్ముల చొక్కాల మాదిరి.

పలమనేరు స్టేషన్ నుంచి కాగితం వచ్చింది.
మనిషికి రెండే, మూడోది తెచ్చి అప్పజెప్పమని.
కింద ఎస్సై సంతకం, గుండ్రటి ముద్ర.
ముద్రలో సగానికి ఇంకు అంటలేదు.

పాపులమ్మ చెనిక్కాయలు ఒలుస్తా తలెత్తకుండానే అనింది:
"రెండు మాత్రం ఎందుకు?
నీకుండేది రెండు చేతులు,
ఒక తుపాకికే రెండూ కావాల గదా."

మొదటిది తాతది.
చెంగల్రాయుడి రైఫిలంటే బైరెడ్డిపల్లి దాకా తెలుసు.
తెలిసింది దాని గురి కాదు, దాని వంకర.
యాభై గజాలకు జానెడు ఎడమకు పోతుంది.
బాగుచేయించు అంటే తాత ఒప్పుకోలేదు,
"వంకరని తెలిసినాక అదింకా వంకరెట్లవుతాదిరా."
తొమ్మిదేళ్ళపుడు నా భుజానికి దాన్ని ఆనించి
మట్టిదుత్తకు జానెడు కుడిపక్కకు తిప్పి
"ఏమీ లేనిచోట కొట్టు" అన్నాడు.
కొట్టినా.
దుత్త పగిలింది.

రెండోది నాయనది.
పట్టుగూళ్ళకు రేటొచ్చిన ఏడు కొన్నాడు.
ఒక రాత్రి చేన్లో పడిన పందిని కొట్టి
తెల్లారి కోసి చూస్తే కడుపులో ఏడు పిల్లలు.
ఎవరితో ఏమీ చెప్పకుండా కాణిపాకం బస్సెక్కినాడు.
తడిబట్టల్తో ప్రమాణం చేసి వచ్చినాడు.
ఆపైన అది పేలింది లేదు.
కానీ శనివారం శనివారం
పాత పంచె చింపి, నూనె పెట్టి
లోపలా బయటా తుడిచేవాడు.
పేలకూడని దానికి తుప్పు పట్టకూడదనేది
ఏం ప్రమాణమో నేను అడగలా.
నాయన పోయినాక ఆ గుడ్డ నా చేతికొచ్చింది.

మూడోది నాది.
చిత్తూరులో అంగడి ఎత్తేస్తావుండిన మొదలారి
సగం ధరకిచ్చినాడు.
దారం లాగినట్టు సూటిగా పోతుంది.
అందుకే దాంతో నాకు ఒక్కటీ తగల్లేదు.
చెయ్యి దానంతటదే జానెడు కుడికి జరుగుతాది.
తాత నా భుజంలోనే ఉండిపోయినాడు.

పోయిన కార్తీకంలో కౌండిన్య అడివి దిగి ఏనుగులొస్తే
టమోటా తోటలో నిలబడి ఆకాశానికి కొట్టినా.
ఆకాశానికి కుడేంది, ఎడమేంది?
ఆ ఒక్క రాత్రి మూడూ సమానమే.

చెనిక్కాయల లెక్క రాసే నోటుబుక్కులో
వెనకపేజీ తిప్పి రాసుకున్నా.
తాతదిస్తే, కొట్టడం మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాల.
నాయనదిస్తే, శనివారాలేం చేయాల?
నాదిస్తే
అని రాసి, ఆ పక్కన ఏమీ తోచలేదు.
బెల్లం డబ్బా వంచి గుండ్లు లెక్కపెట్టినా.
నాలుగు.
నాలుగు గుండ్లకా ఇంత ఆలోచన!

స్టేషన్లో రైటర్ మునిరత్నం నంబరు రాసుకొని
గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూసినాడు.
"పనిచేస్తుందా?"
"దారం లాగినట్టు పోతుంది సార్."
"మరి దీన్నెందుకిస్తాండావు?"
నవ్వినా. ఆయనా నవ్వినాడు, ఎందుకో తెలీకుండానే.
జనపదారంతో చీటీ కట్టినాడు,
ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ చేతికి కట్టినట్టు.

ఇంటికొచ్చేసరికి మూడో మేకుకు
పాపులమ్మ గొడుగు తగిలించి ఉంది.

నడిరాత్రి కుక్కలు మొరిగినాయి.
తాతది తీసుకొని చేనికి పోయినా.
టార్చి వెలుతుర్లో పంది, దాని వెనక చిన్నవి.
జానెడు కుడికి జరగబోయిన చేతిని బలవంతంగా ఆపి
పంది మీదనే సూటిగా గురిపెట్టి కొట్టినా.
ఎడమకు జానెడు దూరంలో మన్ను లేచింది.
అన్నీ కంచె దాటి పరిగెత్తినాయి.

"తగల్లేదా?" అనింది పాపులమ్మ, పక్కమీద లేచి కూచొని.
"లేదు" అన్నా.
డబ్బాలో ఇంకా మూడుండాయి.