బండి ఱ

ముప్ఫయ్యొక్కేళ్ళు పోర్టులో వాంగ్మూలాలు టైపు చేశాను.
ఒక్క మనిషీ తప్పు చెయ్యలేదు.
తప్పులే వాటంతట అవి జరిగాయి.
పొరపాటు జరిగింది, లోపం తలెత్తింది,
బేరింగు పట్టేసింది, సమాచారం అందలేదు.
కర్త లేని వాక్యాలు
మనిషి లేని పడవల్లా
ఇన్నర్ హార్బరులో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.

ఒక్కడు.
మైలపల్లి దానయ్య, మూరింగ్ గ్యాంగు.
యారాడ కొండ మంచులో మునిగిన తెల్లారుజామున
ఎరువుల బెర్తు దగ్గర మోకు జారి
సూరాడ యెల్లాజీ కాలు తీసుకుపోయింది.
కుర్రాడికి పంతొమ్మిది.

"ఏం జరిగింది?" అన్నారు ఆఫీసరు.
"ఏటీ జరగనేదు బాబూ.
నానేమర్నాను."

ఆయనది ఈ వేపు కాదు. నా వంక తిరిగారు.
అంటే? నిద్రపోయాడా?
కాదు సార్.
తాగాడా?
కాదు సార్.
మరి మరిచిపోయాడా?
అదీ కాదు సార్.
నా వేళ్ళు మీటల మీదే ఉండిపోయాయి.

ఏమరుపాటు మనందరికీ తెలుసు.
పనికిరాదని గోడల మీద రాయిస్తాం.
అది ఎదుటివాడికి చెప్పే జాగ్రత్త.
దాన్ని విప్పి, చివర ఒక 'ను' తగిలించి
తన మీదకి తిప్పుకున్నవాణ్ణి అప్పుడే చూశాను.
కళ్ళు తెరిచే ఉంటాయి,
చెయ్యి మోకు మీదే ఉంటుంది,
లోపలివాడు మాత్రం రెప్పపాటు ఒడ్డుకెళ్ళి వస్తాడు.
ఆ వెళ్ళినవాణ్ణి నేనే, అనడం.

ఆ రాత్రి నాన్న నిఘంటువు తీశాను.
అట్ట లేదు. ఉప్పుగాలికి కాగితాలు అప్పడాలయ్యాయి.
ఏమఱు.
బండి ఱ తో.
ఇప్పుడెవరూ రాయని అక్షరం,
తన బరువు తనే లాక్కుపోయే చిన్న బండి.

అప్పటికే టైపు చేసేశాను కదా,
మధ్యాహ్నం, భోజనాల బెల్లు మోగేలోపు:
"మోకు విషయమై పొరపాటు జరిగినట్లు సాక్షి అంగీకరించాడు."
వేలిముద్ర వేస్తూ అడిగాడు:
"నానన్న మాటే ఉందా, అమ్మా?"
ఉంది, అన్నాను.
సిరా అంటిన బొటనవేలు జుత్తుకి తుడుచుకున్నాడు.

కర్త దొరకని ఆ తప్పుని
చివరికి యెల్లాజీ ఖాతాలో రాశారు.
నిలబడకూడని చోట నిలబడ్డాడట.
పరిహారం సగానికి తెగింది.

నిన్న పెదజాలరిపేటలో చూశాను ఇద్దర్నీ.
ఒకే వలకి చెరో కొసనా కూచుని కుడుతున్నారు.
యెల్లాజీ పక్కన ఇసకలో అతని చంకకర్ర.
దానయ్య నన్ను పోల్చలేదు.
"ఎండు నెత్తళ్ళున్నాయమ్మా" అన్నాడు.
అరకిలో తీసుకున్నాను. చిల్లర ఉంచుకోమంటే
ఊరుకోలేదు, లెక్కపెట్టి చేతిలో పోశాడు.

ఆయన మాటే ఆయనకి తిరిగిచ్చేద్దామని
నోటిదాకా తెచ్చుకున్నాను.
అది నాకు చెల్లదు.
నేను ఏమరలేదు.
తెలిసే కొట్టాను, ఒక్కొక్క అక్షరం.
దానికి మాటేమిటో
ఆ పుస్తకంలో ఇంకా వెతకలేదు.