ఆరు సెంటీమీటర్లు

పేరు బాలసముద్రం.
సముద్రమేమో ఒక రాత్రి రైలు దూరం.
ఆ పేరును నమ్ముకొనే ఫారం నింపిన:
జాతీయ మాస్టర్స్ ఈత పోటీలకు
ఆతిథ్య నగరంగ మా హనుమకొండ.

సమీప విమానాశ్రయం?
మామునూరు రన్‌వే మీద మేకలు దిగుతయని రాయలేను గద,
"కాజీపేట జంక్షన్, నాలుగు దిక్కుల రైళ్లు" అని రాసిన.
హోటల్ గదులెన్ని?
పెండ్లి ముహూర్తాలు లేని వారమైతె నూట ఎనభై.
అంబులెన్సు ఎన్ని నిమిషాల్ల వస్తది?
తొమ్మిది.
పొద్దున అయిదింటికి స్కూటర్ మీద పోయి చూసిన.
డెబ్బయి దాటినోళ్లు ఎందరు ఈదుతరు?
ఒక్కరు.
ఆ ఒక్కరి కోసమే ఇదంతా అని రాసేందుకు
గడి లేదు.

సుగుణ టీచర్.
పరకాల హైస్కూల్ల లెక్కలు చెప్పింది.
తొమ్మిదో ఏట, మక్కచేను పక్క బాయిల,
నడుముకు ఎండిన సొరబుర్ర కట్టుకొని
అన్నలు లేని మధ్యాహ్నాలు ఈత నేర్చింది.
తర్వాత నలభై ఏండ్లు
నీళ్లను బకెట్లనే చూసింది.

పుణె నుంచి దేవధర్ సార్ వచ్చిండు.
సర్వపిండి రెండు ముక్కలు తిన్నడు,
ఇదేంటిదని అడగకుండనే మూడోది తీసుకున్నడు.
ఉత్తకాళ్లతోని గట్టు మీద నడిచిండు.
దోసిట్ల నీళ్లు పట్టి వాసన చూసిండు.
ఓదెలు ఊపిరి బిగబట్టిండు,
క్లోరిన్ కలిపేది వాడే.
అప్పుడు సంచిలకెళ్లి స్టీలు టేపు తీసిండు.

ఒక కొస ఓదెలు చేతిల, ఒక కొస ఆయన చేతిల.
ఎనిమిది లేన్లు, ఎనిమిది సార్లు,
ఎనిమిది సార్లూ టేపుది ఒకటే మాట:
నలభై తొమ్మిది మీటర్ల తొంభై నాలుగు.

రెండేండ్ల కింద రిపేరుకొచ్చినోళ్లు
పాత పలకలు పీకకుండ
వాటి మీదనే కొత్తవి అతికిచ్చి పోయిన్రు.
ఈ గోడకు మూడు, ఆ గోడకు మూడు.

"నీళ్లు బాగున్నయి" అన్నడు సార్, టేపు చుట్టుకుంట.
ఆ మాట కింద 'కానీ' ఒకటి మునిగి ఉన్నది.
చాయ్ తాగేలోపల తేలింది.

ఆ రాత్రి ఫారం వెనుక లెక్క చేసిన.
కొలను గోడ మీద సుద్దతోని రాసి ఉన్నది టీచర్ టైము:
యాభై మీటర్లు, వెల్లకిల ఈత,
అరవై తొమ్మిది పాయింటు తొంభై ఆరు.
డెబ్బయి ఒకటో ఏట, డెబ్బయి సెకండ్ల లోపల!
ఆ దినం ఓదెలు వీధంత జిలేబీ పంచిండు.
ఆరు సెంటీమీటర్లు కలిపితె
డెబ్బయి పాయింటు సున్న నాలుగు.
మళ్ల చేసిన.
మళ్ల అంతే.
కాయితం మడిచి స్కూటర్ డిక్కీల
పంక్చర్ సామాను కింద పెట్టిన.

తెల్లారి పోయేసరికి
గోడ మీద అంకె లేదు.
తడిగుడ్డ మరక ఇంకా ఆరలే.
టీచర్ టోపీలకు వెంట్రుకలు సర్దుకుంటున్నది.
లెక్కల టీచరు దగ్గర లెక్క దాద్దామనుకున్న,
నా అంత మొద్దు ఏ క్లాసుల కూసోలేదు కావచ్చు.

ఉత్తరం శ్రావణంల వచ్చింది.
పోటీలు రాజ్‌కోట్‌కు పోయినయి.
'పరిశీలించిన నగరాలు' కింద నాలుగో పేరు మాది,
అది గూడ తప్పు రాసిన్రు.
ఓదెలు ఆ పలకల దిక్కు చూసి ఉమ్మిండు,
మళ్ల తనే నీళ్లు కొట్టి కడిగిండు.

నీళ్లల్ల టీచర్ వెల్లకిల పోతనే ఉన్నది,
జెండాల తాడు దాటినంక
చేతులు లెక్కపెట్టుకుంట,
వెనుక గోడ ఏడున్నదో చూడకుండ.
వేళ్లు పలకకు తాకినయి.
కండ్లద్దాలు నెత్తి మీదికి తోసి అడిగింది:

"రాజ్‌కోట్‌కు టికెట్లు తీసినవా?"
"తీసిన టీచర్. కింది బెర్తే."
"సంచిల టేపు పెట్టుకో."