పిల్లర్ నంబర్ నూట నలభై మూడు

అత్తాపూర్‌ల రెండు రోడ్ల నడుమ
ఫ్లైఓవర్ కాళ్ళ కింద
పన్నెండడుగుల సిమెంటు దీవి మాది.
అటు మెహదీపట్నం దిక్కు పోయే వరద,
ఇటు ఆరాంఘర్ దిక్కు పారే వరద.
ఈదుకుంట వచ్చినోడే గిరాకి.

నాలుగు గొడుగులు.
ఎర్రది ఇంతియాజ్‌ది, నీలంది సుగుణాకర్‌ది,
ఆకుపచ్చ దాని కింద రోజుకో పిలగాడు,
పసుపుపచ్చది నాది.
పైన ఫ్లైఓవరే ఉండంగ గొడుగెందుకంటే
కంపెనీ రంగు కనబడాలె కదా.

రోజుకు పన్నెండు సిమ్ములు టార్గెట్.
దీవి మీద కొత్త మనిషి యాడికెళ్ళి పుడుతడు?
అదే టైల్స్ మేస్త్రి, అదే మక్కకంకులామె,
అదే వాచ్‌మన్ బాలప్ప.
పోయిన నెల ఎర్ర గొడుగోడు, ఈ నెల నీలం,
వచ్చే నెల పోర్ట్ అయి నా కాడికి వస్తడు.
నంబరు అదే, మనిషి అదే,
కమీషన్ పడే జేబే మారుతది.

ఇంతియాజ్ సిమ్ముకో బకెట్ ఇచ్చిండు.
నేను బకెట్ మీద మగ్గు ఇచ్చిన.
సుగుణాకర్ స్టీలు టిఫిన్ డబ్బా అన్నడు.
ఆ ఎండకాలం మా బస్తీ నిండ
రంగురంగుల బకెట్లు,
నల్లా మాత్రం మూడు దినాలకొకసారి.
బాలప్ప కాడ ఐదు సిమ్ములు, ఒకటే ఫోను.

గప్పుడు వచ్చింది బుగ్గవ్వ,
బేగంబజార్ గోదాములల్ల ఎల్లిగడ్డ పొట్టు తీసే ముసలామె.
చెల్లె సోలాపూర్‌ల ఉన్నదట, మాట్లాడాలెనట.
మిషన్ మీద బొటనవేలు పెట్టింది.
ఎర్రగ మెరిసి, కాదన్నది.
చూపుడువేలు పెట్టింది. కాదు.
పది వేళ్ళూ అయిపోయినై.
ముప్పై ఏండ్ల ఎల్లిగడ్డ
ఆమె గీతలన్నీ తినేసింది.
"నేను నేనే బిడ్డా," అన్నది,
నాతోటి కాదు, మిషన్‌తోటి.

ఒక్క గిరాకి కోసం కాలర్లు పట్టుకునేటోళ్ళం,
ఆమెను మాత్రం
"అవ్వా, ఆ గొడుగు కాడ అడుగు" అనుకుంట
ఒకరి మీదికెళ్ళి ఒకరి మీదికి తోలినం.
తిరిగి తిరిగి నా స్టూలు మీదనే కూలబడ్డది.
ఇంతియాజ్ లేచొచ్చిండు, వ్యాజిలైన్ డబ్బీతోటి.
వేలు తుడిచి, ఇంత పూసి, మల్ల తుడిచి,
తన మిషన్ మీద పెట్టి వత్తిండు.
పచ్చగ వెలిగింది.
నేను చప్పట్లు కొట్టిన.
కొట్టినంక యాదికొచ్చింది,
ఆ దినం నా లెక్క పదకొండే.

మల్ల ఎండకాలానికి
ఎర్రది పోయి నీలందాంట్ల కలిసింది.
ఆకుపచ్చది మునిగింది.
పెద్దోళ్ళు ఏ హోటల్ల చేతులు కలిపిన్రో,
మాకు మెసేజ్ వచ్చింది, గంతే.
బుగ్గవ్వ ఆమెకు తెల్వకుండనే నీలంది అయింది.
ఇంతియాజ్ ఇప్పుడు బిర్యానీ డబ్బాలు మోస్తడు,
ఆయన గొడుగు కింద జామకాయల బండి.
పొద్దుమూకి ఏటవాలు ఎండ పడితే
ఆ ఎర్ర నీడల పచ్చికాయలు సుత
పండినట్టే కొడుతయి.

బకెట్లు బంద్.
రేట్లు పెరిగినై, మా రెండు గొడుగులకూ
ఒకటే రోజు, పైస తేడా లేకుండ.
సుగుణాకర్‌తోటి లొల్లి లేదిప్పుడు,
చాయ్ వన్ బై టూ తాగుతం.

రీఛార్జ్‌కు బుగ్గవ్వ నా కాడికే వస్తది,
స్టూలు నా కాడనే ఉన్నదాయె.
కిరాయికి ముప్పై రోజుల నెల,
కూలికి పని దొరికిన రోజుల నెల,
ఫోనుకు ఇరవై ఎనిమిది రోజుల నెల.
కొంగుముడి విప్పి
ఎల్లిగడ్డ వాసన నోట్లు లెక్కపెట్టుకుంట
"మొన్ననే కదనే ఏసినవు,
అప్పుడే నెల ఒడిసిందా?" అంటది.

నిన్న పైసలు తక్కువ పడ్డయి.
నా ఫోనుకెళ్ళి సోలాపూర్‌కు కలిపిచ్చిన.
ఎత్తిన్రు. కొత్త నంబరు కదా,
"ఎవరూ?" అన్నరు.
"నేనే," అన్నది.
మీదికెళ్ళి ఏదో బస్సు పోయింది,
దీవి జరంత వణికింది.
"ఎవరూ?"
"నేను నేనేనే," అన్నది బుగ్గవ్వ గట్టిగ,
గీతల్లేని బొటనవేలు
ఫోనుకు అదిమిపట్టి.