ఎడమవైపు

తాటిపాక సెంటరు దాటాక, కాలవ పక్కన రేకుల షెడ్డు.
జక్రయ్య బండికి స్టాండేసి
వెనక సీటు మీద అరచెయ్యి పెట్టి ఒక్క నొక్కు నొక్కాడు.
కిందికెళ్ళింది.
పైకి రావడానికి దానికి మనసొప్పలేదు.

"షాకప్సులు ఎప్పుడో పోయాయండి,
ఇన్నాళ్ళూ మీ నడుమే స్ప్రింగు."

పదకొండేళ్ళు. రొయ్యల మేత బస్తాలు, ఐసు పెట్టెలు,
వానకి గుల్లయిన గట్టు రోడ్డు.
రెండూ విప్పి గోనెపట్టా మీద
పక్కపక్కన పడుకోబెట్టాడు.
కుడిది కాస్త చెమర్చింది, అంతే.
ఎడమది ఆయిలంతా కక్కేసి
చెరువుగట్టు దుమ్ము పట్టి నల్ల హల్వాలా ఉంది.

"లోడంతా ఎడమేపే ఏస్తారా?"
లేదే, తాడు కూడా కొలిచి కడతాను.
అతను చీర గార్డు వైపు చూశాడు.
నేనూ చూశాను.

తెల్లారగట్ల నాలుగింటికి రొయ్యల షెడ్డుకి
రెండు కాళ్ళూ ఎడమకే వేసుకుని నూకరత్నం.
సాయంత్రం నడుం పట్టేసిందంటే
నిలబడి తలలు ఒలిచే పని కదా, అనుకునేవాణ్ణి.
ఆయింట్‌మెంటు కూడా తెచ్చాను ఓసారి.

సీళ్ళు, బుష్షులు మార్చాడు,
కొత్త ఆయిలు టీ గ్లాసుతో కొలిచి పోశాడు.
ఏడొందల యాభై.
బండి రెండంగుళాలు లేచింది.

మర్నాడు ఎక్కబోయి, కాలందక,
"ఎవరిదీ బండి?" అంది.
కల్వర్టు దగ్గర పెద్ద గొయ్యి
వచ్చింది, పోయింది.
ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
కాసేపటికి
నా భుజం మీంచి చెయ్యి తీసేసింది.

ఉంచుకోమని ఎలా అడగను?