ఉడకేసిందీ, కాల్చిందీ

బెంగుళూరులో మూడు దినాలు నేర్పించినారు నాకు.
గ్లాసు కాడ ఎట్ల పట్టుకోవాల,
ముక్కు ఎంత దూరాన పెట్టాల,
ఏ మాటకు ఎంత నవ్వాల.
నోట్సు పదకొండు పేజీలు.
బంగారుపాళ్యం దాటి ఎర్రమట్టి దోవలో
బస్సు దిగేటప్పటికి
సంచిలో టెకీలా, మెస్కాల్
ఒకదానికొకటి తగిలి
చిన్నగా గొణుక్కుంటా ఉండాయి.

కన్నెమ్మత్త శెనిక్కాయలు వొలుస్తా ఉండాది.
"ఏందబ్బయ్యా అయి?"
"కిత్తనార సారాయత్తా."
చేతిలో కాయ చేతిలోనే నిలబడిపోయింది.

రైలుకట్ట పొడుగునా ఆ మట్టల్ని కోసి
కుంటలో నానేసి, కంపు కొట్టిందాకా కాచుకోని,
బండ మీద బాది, నార తీసి,
ఇరవై ఏండ్లు పలుపులూ పగ్గాలూ పేనిన చెయ్యి అది.
రసం తగిలి మోచేతి దాకా దద్దుర్లు లేచిన చెయ్యి.
"దాంట్లో తాగేదానికేముందిరా,
గీరుకునేదానికి తప్ప?"

నోట్సు తీసినాను.
మట్టలు కాదత్తా. మట్టలన్నీ చెక్కేస్తే
నడిమధ్యలో అనాసకాయ మాదిర గడ్డ.
ఏడెనిమిదేండ్లు తీపి దాచుకున్న గడ్డ.
"అదా! కయ్య చదును చేసేటప్పుడు పెరికి
గెనిమ అవతలికి ఇసిరేస్తిమే!"

టెకీలాకి ఒకే జాతి పనికొస్తాది, నీలం.
"నీలం మామిడా?"
కాదత్తా, నీలం రంగు కిత్తనార.
గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు బెంగుళూరా కాయ తప్ప
ఇంకేదీ తూకమేసుకోరే, అట్ల.
మెస్కాల్‌కి ఆ పట్టింపు లేదు.
కొండలో తనకుతానే మొలిచిందైనా,
కయ్యలో నాటిందైనా,
లావుదైనా బక్కదైనా సరే.
మొదట్లో టెకీలా గూడా ఒక మెస్కాలేనంట.
"ఆఁ, బెంగుళూరా అంతా మామిడే,
మామిడంతా బెంగుళూరా అయితాదా" అనింది.
నా నాలుగో పేజీ ఆడికే అయిపోయింది.

"సీసాలో పురుగుంటాదంట గదా?"
గోడ మీద దొరసామి మామ తలకాయ.
కొన్ని మెస్కాల్ సీసాల్లోనే మామా,
అదీ అమ్ముకునేదానికి ఏసిన ఏషం.
"పురుగు లేందే పొయ్యి" అని గ్లాసు చాపినాడు.
అత్త చూసిన చూపుకి
గ్లాసూ తలకాయా ఒకేసారి గోడ దిగినాయి.

తాగదు ఆమె. మూత తీసి వాసన చూసింది.
"ఇది ఉడకేసింది.
ఉప్పేసి కుండలో ఉడకేసిన శెనిక్కాయలు,
మూత తీస్తానే మొగానికి తగిలే ఆవిరి.
పచ్చిదనం ఇంకా పోలేదు."

రెండోది ముక్కు దగ్గరికి రాకముందే
కండ్లు మూసుకునింది.
"ఇది కాల్చింది.
కయ్యలోనే, పొద్దుగూకినాక,
ఎండుకట్టె కిందేసి, కాయల చెట్లు పైనేసి,
నిప్పుబెట్టి, బూడిద ఊదుకుంటా తినేది.
మీ మామ మూతి తెల్లారిందాకా నల్లగానే ఉండేది."

నిజమే. ఆవిరి పొయ్యిలో ఉడికేది టెకీలా.
భూమిలో గుంత తీసి, రాళ్లు ఎర్రంగా కాల్చి,
గడ్డలేసి, మట్టి కప్పేస్తే
నాలుగైదు దినాలు పొగలో మగ్గేది మెస్కాల్.
ఈ మాట చెప్పేదానికి మా ట్రైనింగు సారుకి
ఒక పూటంతా పట్టింది,
బొమ్మలేసి.

"ఆ గుంత తీసేటోళ్లకు కూలెంత?"

పేజీలు తిప్పినాను.
ఏ గ్లాసులో పొయ్యాలో ఉండాది.
ఉప్పూ నిమ్మకాయా ఎప్పుడియ్యాలో,
ఎప్పుడియ్యకూడదో ఉండాది.
పెగ్గు ఎంతో రెండుసార్లు రాసుకోనుండా,
కింద గీత గీసి.

"వాళ్లకు గూడా దద్దుర్లు లేస్తాయా?"

తెలీదత్తా.

మళ్లా శెనిక్కాయలు వొలుస్తా కూచునింది.
చాలాసేపటికి, తల ఎత్తకుండానే,
"అయిపోయినాక ఆ పొగ వాసనది నాకియ్యబ్బయ్యా.
ఆమిదం పోసుకుంటా.
కడగొద్దు."